మీకు తెలుసా? వందే భారత్‌ను దాటేసే బొమ్మ కారు

కాజీపేట–కొండపల్లి మధ్య రైళ్ళ గరిష్ఠ వేగాన్ని దక్షిణ మధ్య రైల్వే 2022 సెప్టెంబరులో గంటకు 130 కి.మీ.కు పెంచింది. బోనకల్లు, మధిర, ఎర్రుపాలెం ఆ దారిలోవే. 2023 జనవరి 15న మొదలైన సికింద్రాబాద్–విశాఖ వందే భారత్ ఖమ్మంలో ఆగుతుంది, మధిరలో ఆగదు. ప్లాట్‌ఫారం మీద నిలబడి చూస్తే మన ఊళ్ళో కనబడే వేగాల్లో అదే పెద్దది. మూరెడు నుంచి మూరన్నర పొడవుండే రిమోట్ కారు ఆ 130ని దాటి పోగలదు. పెద్ద మోటారు కొని బిగించినంత మాత్రాన ఆ వేగం రాదు. గాలి, రబ్బరు, వేడి, దారి అనే నాలుగింటినీ ఎంతవరకు అదుపులోకి తెచ్చుకుంటే అంతవరకే వస్తుంది. ఎలాగో ఒక్కొక్కటిగా చూద్దాం.

రికార్డు ఎంత?

అమెరికాకు చెందిన నిక్ కేస్ తయారుచేసిన ‘ఆర్‌సీ బుల్లెట్’ అనే బ్యాటరీ కారు 2014 అక్టోబరు 25న యూటా రాష్ట్రంలోని సెయింట్ జార్జ్‌లో గంటకు 325.12 కి.మీ. వేగం అందుకుని గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. అంటే సెకనుకు 90 మీటర్లు. కబడ్డీ కోర్టు పొడవు 13 మీటర్లు. అలాంటివి ఏడు వరసగా గీస్తే ఎంత దూరమో, ఆ బండి దాదాపు అంత దూరం ఒక్క సెకనులో దాటేసింది.

హుస్సేన్ సాగర్ ఒడ్డున పరుగెత్తిన కార్ల కన్నా ఎక్కువే

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో దేశంలోనే తొలి ఫార్ములా-ఈ పందెం జరిగింది. 2.83 కి.మీ. వీధి సర్క్యూట్ మీద జాన్-ఎరిక్ వెర్న్ గెలిచాడు. ఆనాడు పరుగెత్తిన ‘జెన్3’ కార్ల శక్తి 350 కిలోవాట్లు. వాటి గరిష్ఠ వేగం 322 కి.మీ. అని తయారీదారులు ప్రకటించారు. హైదరాబాద్ మలుపుల్లో ఆ వేగం అందుకునే వీలు లేదనుకోండి. అయినా కాగితం మీది అంకెలు పక్కపక్కన పెడితే నిక్ కేస్ బొమ్మ కారుదే పైచేయి.

65 కి.మీ. పెంచడానికి ఆరేళ్ళు

అదే నిక్ కేస్ 2008లో సాధించిన వేగం దాదాపు 260 కి.మీ. దాన్ని 325కు తీసుకెళ్ళడానికి ఆరేళ్ళకు పైగా పట్టింది. వేగం రెట్టింపైతే గాలి అడ్డగించే బలం నాలుగు రెట్లవుతుంది. ఆ గాలిని చీల్చుకు పోవడానికి కావలసిన శక్తి ఎనిమిది రెట్లవుతుంది. ఈ లెక్కన బండి ఆకారం మారకపోతే 260 నుంచి 325కు చేరడానికి సుమారు రెట్టింపు శక్తి కావాలి. వేగం పెరిగింది నాలుగో వంతే. శక్తి మాత్రం రెండింతలు కావలసి వచ్చింది. అందుకే ఈ రంగంలో పేరున్నవాళ్ళు మోటారు కన్నా ముందు బండి ఆకారాన్ని పట్టించుకుంటారు.

తీగ లేకుండా తొలి ఆజ్ఞ కలకత్తాలో

రిమోట్ విద్యకు మన దేశంలోనే ఒక గొప్ప తొలి అడుగు పడింది. 1895లో కలకత్తాలో జగదీశ్ చంద్ర బోస్ రేడియో తరంగాలతో దూరం నుంచే గంట మోగించి, మందుగుండు అంటించి చూపించాడు. మూడేళ్ళకు, 1898లో నికోలా టెస్లా న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో నీటితొట్టిలోని చిన్న పడవను తీగ లేకుండా నడిపాడు. ఆ ఏడాది నవంబరు 8న దానికి పేటెంట్ వచ్చింది. ఇవాళ పిల్లల చేతుల్లో ఉన్న ప్రతి రిమోట్ బండీ ఆ పడవ సంతతే.

అద్దాల బీరువాలోంచి రోడ్డు మీదికి

జపాన్‌కు చెందిన తమియా సంస్థ ప్లాస్టిక్ నమూనాలకు పేరు పొందింది. 1976లో అది పోర్షే 934 కారును అసలులో పన్నెండో వంతు పరిమాణంలో రిమోట్ బండిగా తెచ్చింది. ఇంటికి పెట్టె వస్తుంది, భాగాలన్నీ మనమే బిగించుకోవాలి. బిగించడం వచ్చినవాడికి విప్పడం వస్తుంది. విప్పడం వచ్చినవాడికి మార్చాలనిపిస్తుంది. బండికి మార్పులు చేసి వేగం పెంచే అలవాటుకు ఈ పెట్టెలే బడి అయ్యాయి.

పొలం మోటారుకూ దీనికీ చుట్టరికం

సాగర్ ఎడమ కాలువ కింద మోటారు నడిపే రైతుకు బాగా తెలిసిన సంగతి ఒకటుంది. త్రీ ఫేజ్ మోటారు వెనక్కి తిరుగుతుంటే మూడు తీగల్లో ఏ రెండింటినైనా మార్చి కలిపితే సరిగ్గా తిరుగుతుంది. వేగపు రిమోట్ కారులో వాడే బ్రష్‌లెస్ మోటారుకూ మూడు తీగలే. సెన్సర్ లేని రకంలో అక్కడా రెండు తీగలు మార్చితే చాలు, తిరిగే దిశ మారిపోతుంది. తేడా ఏమిటంటే పొలంలో మూడు ఫేజులు స్తంభం మీంచి వస్తాయి. ఇక్కడ బ్యాటరీ ఇచ్చే కరెంటును ‘ఈఎస్‌సీ’ అనే అరచేతిలో పట్టే పెట్టె మూడు ఫేజులుగా విడగొట్టి ఇస్తుంది.

కేవీ అంటే కిలోవోల్టు కాదు

మోటారు మీద ‘2000 కేవీ’ అని ఉంటే అదేదో పెద్ద వోల్టేజీ అని భయపడనక్కర్లేదు. ఒక వోల్టు ఇస్తే, భారం లేనప్పుడు నిమిషానికి 2,000 చుట్లు తిరుగుతుందని అర్థం. ఆరు సెల్స్ ఉన్న లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ వోల్టేజీ 22.2. రెండూ గుణిస్తే నిమిషానికి 44,400 చుట్లు, అంటే సెకనుకు 740. ఎక్కువ కేవీ ఉన్న మోటారే ఎక్కువ వేగం ఇస్తుందనుకోవడం కొత్తవాళ్ళకు సహజం. కానీ అదే శక్తి తక్కువ వోల్టేజీ మీద కావాలంటే ఎక్కువ కరెంటు లాగాలి. కరెంటు పెరిగితే తీగలు, మోటారు చుట్టలు వేడెక్కుతాయి. అందుకే వేగపు బండ్లలో వోల్టేజీ పెంచి, కేవీ తగ్గించి వాడతారు.

వేగాన్ని ముందే లెక్కగట్టవచ్చు

చక్రం వ్యాసం 10 సెం.మీ. అనుకోండి. ఒక చుట్టుకు బండి 31.4 సెం.మీ. కదులుతుంది. గంటకు 160 కి.మీ. అంటే సెకనుకు 44.4 మీటర్లు. కాబట్టి చక్రం నిమిషానికి సుమారు 8,500 చుట్లు తిరగాలి. మోటారు 44,400 చుట్లు తిరుగుతోంది. దీన్ని 8,500తో భాగిస్తే 5.2. మోటారు 5.2 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు తిరిగేలా గేర్లు కుదరాలన్నమాట. భారం పడ్డాక మోటారు ఇన్ని చుట్లు తిరగలేదు కాబట్టి నిజంగా వచ్చే వేగం లెక్క కన్నా తక్కువే ఉంటుంది. ఎనిమిదో తరగతి లెక్కలు వచ్చిన పిల్లవాడు బండి కొనకముందే దాని వేగం పై హద్దు చెప్పేయగలడు.

రెండు పళ్ళు పెరిగితే

మోటారు ఇరుసుకు ఉండే చిన్న పళ్ళచక్రం పినియన్. దానితో పెనవేసుకుని తిరిగే పెద్దది స్పర్. 20 పళ్ళ పినియన్ తీసి 22 పళ్ళది వేస్తే లెక్క ప్రకారం వేగం పది శాతం పెరుగుతుంది. గాలిని ఎదుర్కోవడానికి కావలసిన శక్తి మాత్రం 33 శాతం పెరుగుతుంది. ఆ అదనపు భారం వల్ల మోటారు, ఈఎస్‌సీ, బ్యాటరీ మరింత వేడెక్కుతాయి. పినియన్ ఎప్పుడు మార్చినా ఒక్క పన్ను చొప్పున పెంచి, ఒక పరుగు తీసి, వేడి చూసుకుని ముందుకు పోవాలి.

గేరు సందుకు నోటుపుస్తకం కాగితమే కొలత

పినియన్, స్పర్ మరీ బిగువుగా ఒరుసుకుంటే వేడెక్కి అరుగుతాయి. వదులైతే పళ్ళు రాలిపోతాయి. సరైన సందు కోసం ఖరీదైన పరికరం అక్కర్లేదు. నోటుపుస్తకం కాగితాన్ని వేలెడు వెడల్పున చించండి. మోటారు బిగించే మరలు వదులు చేసి, కాగితాన్ని రెండు గేర్ల మధ్య పెట్టి, మోటారును స్పర్ వైపు గట్టిగా నొక్కి పట్టి మరలు బిగించండి. తర్వాత చక్రాన్ని చేత్తో తిప్పుతూ కాగితాన్ని బయటికి రానివ్వండి. కాగితం మీద పళ్ళ మడతలు వరసగా పడాలి, కాగితం చినగకూడదు. చినిగితే బిగువెక్కువైనట్టు. మడతలు సరిగ్గా పడకపోతే వదులున్నట్టు. స్పర్‌ను ఒక పూర్తి చుట్టు తిప్పి నాలుగు చోట్ల చూడాలి, ఎందుకంటే ప్లాస్టిక్ గేరు అన్ని వైపులా అచ్చంగా గుండ్రంగా ఉండదు.

అరచేతి బ్యాటరీలో 5 హెచ్‌పీ మోటారు

5 హెచ్‌పీ వ్యవసాయ మోటారు శక్తి సుమారు 3,730 వాట్లు. 22.2 వోల్టుల బ్యాటరీ 200 ఆంపియర్ల కరెంటు ఇస్తే 4,440 వాట్లు. చెరువులోంచి మడికి నీళ్ళు తోడే మోటారు కన్నా ఎక్కువ శక్తి ఒక చిన్న బ్యాటరీలోంచి బయటికి వస్తోందన్నమాట. అయితే 5,000 ఎంఏహెచ్ బ్యాటరీలో దాచిన మొత్తం శక్తి 111 వాట్ అవర్లే. ఆ వేగాన వాడితే నిమిషంన్నరలో ఖాళీ. అందుకే వేగపు పరుగు కొన్ని సెకన్ల పని. గంటసేపు ఆడుకునే బండి తయారీ వేరు, దీని తయారీ వేరు.

తీగ పొడవూ లెక్కలోకి వస్తుంది

బ్యాటరీకీ ఈఎస్‌సీకీ మధ్య తీగ ఎంత పొట్టిగా ఉంటే అంత మంచిది. ఈఎస్‌సీ కరెంటును సెకనుకు వేలసార్లు ఆపుతూ వదులుతూ ఉంటుంది. తీగ పొడవైతే ఆ కుదుపుల్లో వోల్టేజీ ఎగిరిపడి ఈఎస్‌సీని కాల్చేస్తుంది. ఆ ఎగుడుదిగుళ్ళను మింగడానికి అదనంగా కెపాసిటర్లు కలుపుతారు. సోల్డరింగ్ దగ్గర సీసం మెరుస్తూ, తీగ పోగుల లోపలిదాకా పారి ఉండాలి. మసకగా గడ్డకట్టిన అతుకు 200 ఆంపియర్ల దగ్గర కరిగి ఊడిపోతుంది. 20 రూపాయల అతుకు వేల రూపాయల ఈఎస్‌సీ ప్రాణం తీసిన సందర్భాలు ఈ రంగంలో కొల్లలు.

అమెరికా నుంచి తెప్పించే ముందు

ఖమ్మం జిల్లాలో అమెరికాలో చుట్టాలు లేని ఊరు తక్కువ. వచ్చేటప్పుడు బ్యాటరీ తెమ్మని అడిగేవాళ్ళు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. విమానాల్లో 100 వాట్ అవర్ల లోపు లిథియం బ్యాటరీని చేతి సామానులో తేవచ్చు. 100 నుంచి 160 దాకా అయితే విమాన సంస్థ అనుమతి కావాలి. విడి బ్యాటరీని చెక్-ఇన్ పెట్టెలో పెట్టనే కూడదు. ఆరు సెల్స్ 5,000 ఎంఏహెచ్ బ్యాటరీ 111 వాట్ అవర్లు కాబట్టి హద్దు దాటింది. మూడేసి సెల్స్ ఉన్నవి రెండు అయితే ఒక్కొక్కటి 55.5 వాట్ అవర్లే. కారులో రెండింటినీ సిరీస్‌లో కలిపితే మళ్ళీ అదే 22.2 వోల్టులు.

గ్రాము రబ్బరు నాలుగు కిలోలవుతుంది

10 సెం.మీ. వ్యాసమున్న చక్రం 160 కి.మీ. వేగంతో దొర్లుతున్నప్పుడు దాని అంచున ఉన్న ప్రతి గ్రాము రబ్బరునూ సుమారు నాలుగు కిలోల బలం బయటికి లాగుతుంది. గురుత్వాకర్షణకు అది నాలుగు వేల రెట్లు. మామూలు మెత్తని టైరు ఆ లాగుడుకు ఉబ్బి పళ్ళెంలా సాగి, రోడ్డును ఆనే భాగం సన్నబడి, చివరికి చిరిగిపోతుంది. అందుకే లోపల గుడ్డపట్టీ అతికిన ‘బెల్టెడ్’ టైర్లో, గట్టి ఫోమ్ టైర్లో వాడతారు. చక్రానికి ఒక పక్క గ్రాము బరువు ఎక్కువున్నా అదే నాలుగు కిలోల కుదుపు సెకనుకు 140 సార్లు ఇరుసు మీద పడుతుంది. కార్ల షాపులో వీల్ బ్యాలెన్సింగ్ చేయించినట్టే ఈ చిన్న చక్రానికీ చేయించాలి.

టైరు అతికించడంలోనే సగం విద్య

టైరును రిమ్ముకు అతికించేది ఫెవిక్విక్ జాతికి చెందిన పలచని జిగురే. ముందు టైరు అంచును, రిమ్ము గాడిని స్పిరిట్‌తో తుడవాలి. అచ్చులోంచి టైరు సులువుగా ఊడిరావడానికి పూసిన నూనె పదార్థం ఆ అంచున మిగిలి ఉంటుంది. అది ఉంటే జిగురు పట్టదు. తర్వాత టైరు అంచును బొటనవేలితో కొద్దిగా వెనక్కి లాగి, అంగుళం మేర ఒక్క చుక్క జిగురు పారనిచ్చి, వదిలి, నొక్కి పట్టాలి. అక్కడ పట్టాకే పక్క అంగుళానికి పోవాలి. చుట్టూ పూర్తయ్యాక రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున గోటితో అంచంతా తడిమి చూడాలి. ఎక్కడ గోరు దిగినా అక్కడినుంచే టైరు ఊడుతుంది. కళ్ళద్దాలు పెట్టుకోకుండా, కిటికీ తెరవకుండా ఈ పని చేయకూడదు.

గాలి కిందికి దూరితే బండి గాల్లోకే

160 కి.మీ. వేగంలో ఎదురుగాలిని పూర్తిగా అడ్డుకుంటే చదరపు మీటరుకు సుమారు 115 కిలోల ఒత్తిడి పుడుతుంది. అసలులో ఏడో వంతు ఉండే కారు అడుగుభాగం చదరపు మీటరులో ఐదో వంతు అనుకుంటే, ఆ ఒత్తిడంతా కింద చేరితే పైకి నెట్టే బలం 23 కిలోలు. బండి బరువేమో నాలుగున్నర కిలోలు. అంటే అందులో ఐదో వంతు కిందికి దూరినా చాలు, చక్రాలు నేలను వదిలేస్తాయి. చిన్న గుంత మీద ముక్కు ఒక్క క్షణం లేచినా ఇదే జరుగుతుంది.

లె మాన్స్‌లోనూ అదే జరిగింది

1999లో ఫ్రాన్స్‌లోని లె మాన్స్ 24 గంటల పందెంలో మెర్సిడెస్ సీఎల్ఆర్ కార్లు ఇలాగే ముక్కు లేచి గాల్లోకి ఎగిరాయి. మార్క్ వెబ్బర్ కారు పందేనికి ముందే రెండుసార్లు ఎగిరింది. పందెంలో పీటర్ డంబ్రెక్ కారు పల్టీలు కొడుతూ చెట్లలోకి వెళ్ళి పడింది. ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు. ప్రపంచంలోని మేటి ఇంజనీర్లు కట్టిన కారుకే తప్పని సంకటం బొమ్మ కారుకు తప్పుతుందా?

ముక్కు కిందికి, తోక పైకి

అందుకే వేగపు బండి బాడీని నేలకు వీలైనంత దగ్గరగా దించుతారు. ముందు భాగాన నేలను దాదాపు ఆనేలా ‘స్ప్లిటర్’ అనే పలక బిగిస్తారు. అది గాలిని కిందికి పోనివ్వదు. వెనక రెక్క గాలిని పైకి తోసి బండిని నేలకు అదుముతుంది. పాలికార్బొనేట్ బాడీ చాలా పలచన, వేగంలో గాలి దాన్ని వంచేస్తుంది. లోపలి వైపు ఫోమ్ ముక్కలు, ఫైబర్ మెష్ టేపు అతికించి గట్టిపరచాలి. రెక్కను ఎక్కువ వాలుగా పెడితే పట్టు పెరుగుతుంది, గాలి అడ్డూ పెరుగుతుంది. బండి ఎగరకుండా ఉండేంత వాలు చాలు, అంతకు మించి పెట్టినదంతా వేగంలోంచి కోసి ఇచ్చినట్టే.

డిఫరెన్షియల్లో పది లక్షల చిక్కదనం

మామూలుగా మలుపుల్లో ఒక చక్రం ఎక్కువ, ఒకటి తక్కువ తిరగడానికి డిఫరెన్షియల్ వీలిస్తుంది. తిన్నగా పోయే పరుగులో ఆ వీలే చేటు. ఒక చక్రం క్షణకాలం జారితే శక్తంతా దానికే పోయి బండి పక్కకు తిరుగుతుంది. దీన్ని ఆపడానికి అందులో చిక్కని సిలికాన్ నూనె పోస్తారు. నీటి చిక్కదనం 1 అనుకుంటే, ఈ నూనెలు లక్ష నుంచి పది లక్షల దాకా దొరుకుతాయి. పది లక్షలది సీసా తలకిందులు చేసినా వెంటనే కారదు, జిగట మైనంలా ఉంటుంది.

ఒక డిగ్రీ తేడా, 1.75 మీటర్ల దూరం

బండి ముక్కు ఒకే ఒక్క డిగ్రీ పక్కకు ఉంటే వంద మీటర్లు పోయేసరికి 1.75 మీటర్లు పక్కకు జరుగుతుంది. మన రోడ్డు వెడల్పుకు అది కాలువలో పడేంత తేడా. అందుకే చక్రాలను తిప్పే స్టీరింగ్ సర్వోకు కొంచెం కూడా వదులు ఉండకూడదు. వెనక చక్రాలను రెండు మూడు డిగ్రీలు లోపలికి తిప్పి పెడితే బండి తిన్నగా నిలుస్తుంది. చాలామంది జైరో కూడా వాడతారు. ఫోనును అడ్డంగా తిప్పితే తెర తిరిగేలా చేసే చిప్పులకు బంధువే ఇది. బండి పక్కకు తిరగడం మొదలుపెట్టగానే మన కన్ను గమనించేలోపే స్టీరింగ్‌ను ఎదురు తిప్పి సరిచేస్తుంది. అయితే ట్రిమ్ (చక్రాలు తిన్నగా నిలిచేలా రిమోట్‌లో చేసే సర్దుబాటు) తప్పుగా ఉన్న బండిని జైరోతో దిద్దాలనుకోకూడదు. ముందు జైరో ఆపి, బండి తనంత తానే తిన్నగా పోయేలా చేసుకున్నాకే దాన్ని ఆన్ చేయాలి.

200 మీటర్ల దూరాన ఒక మిల్లీమీటరు

30 సెం.మీ. వెడల్పున్న కారు 200 మీటర్ల దూరంలో ఉంటే, చేయి చాచి పట్టుకున్న స్కేలు మీద ఒక్క మిల్లీమీటరంత కనబడుతుంది. అది పక్కకు పోతోందో, తిన్నగా పోతోందో తెలుసుకోవాల్సింది ఆ మిల్లీమీటరులోనే. అందుకే నడిపేవాళ్ళు దారి పొడవులో సగం దగ్గర, పక్కకు దూరంగా నిలబడాలి. అప్పుడు అటు ఇటు చూడాల్సిన దూరం సగానికి తగ్గుతుంది. బాడీ వెనక భాగానికి ముదురు నారింజ లాంటి మెరిసే రంగు వేయడం అలంకారం కోసం కాదు, చూపు ఆనడం కోసం.

ఖమ్మం ఎండ ఇచ్చేదీ, తీసుకునేదీ

వేసవిలో మన వైపు 45 డిగ్రీల ఎండ కొత్త కాదు. వేడెక్కిన గాలి పలచనవుతుంది. 20 డిగ్రీల గాలితో పోలిస్తే 45 డిగ్రీల గాలి సాంద్రత దాదాపు 8 శాతం తక్కువ. గాలి అడ్డు అంత మేర తగ్గి, అదే శక్తితో 160 కి.మీ. పోయే బండికి నాలుగు కి.మీ. దాకా అదనంగా కలిసిరావచ్చు. కానీ అదే వేడి మోటారును, ఈఎస్‌సీని చల్లారనివ్వదు. లైపో బ్యాటరీ 60 డిగ్రీలు దాటితే ప్రమాదమే, ఎండలో తారురోడ్డు ఒక్కటే ఆ హద్దుకు చేరుకుంటుంది. కాబట్టి నాలుగు కి.మీ. ఆశకు పోకుండా పొద్దున్నే పరుగు తీయడం మేలు. బ్యాటరీని ఎండలో ఆగిన కారులో ఎప్పుడూ వదలకూడదు. ఇంట్లో దాచేటప్పుడు ఒక్కో సెల్ 3.8 వోల్టుల దగ్గర ఉంచాలి. 4.2 కన్నా ఎక్కించకూడదు, 3 కన్నా దించకూడదు. ఉబ్బిన బ్యాటరీని మళ్ళీ చార్జింగ్ పెట్టకూడదు.

మోటారు గుండె విశాఖ దాకా

బ్రష్‌లెస్ మోటారులో తిరిగేది నియోడిమియం అయస్కాంతం. వీటిలో మామూలు రకం 80 డిగ్రీలు దాటితే తన బలాన్ని కోల్పోవడం మొదలుపెడుతుంది. చల్లారినా పోయిన బలం తిరిగి రాదు. 150 డిగ్రీలు తట్టుకునే రకాలూ ఉన్నాయి, ధర ఎక్కువ. ఈ లోహం మన తూర్పు తీరం ఇసుకలో దొరికే మోనజైట్ ఖనిజంలో ఉంటుంది. వేడికి ఇంకా గట్టిగా నిలిచేది సమారియం–కోబాల్ట్ అయస్కాంతం. దాన్ని తయారుచేసే ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ కర్మాగారాన్ని విశాఖపట్నంలో 2023 మే 11న ప్రధాని జాతికి అంకితం చేశారు.

జ్వరం చూసే గన్ను పనికిరాదు

కరోనా రోజుల్లో నుదుటికి గురిపెట్టిన థర్మామీటరు ఇంట్లో ఉందని దానితో మోటారు వేడి చూడబోతారు కొందరు. అది శరీర వేడి హద్దుల్లో కొలవడానికి చేసినది. మోటారుకు పారిశ్రామిక ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు కావాలి. పరుగు ఆగిన వెంటనే ఒకసారి, రెండు నిమిషాల తర్వాత ఇంకోసారి చూడండి. లోపలి చుట్టల వేడి పై డబ్బాకు చేరడానికి సమయం పడుతుంది కాబట్టి రెండో అంకే ఎక్కువ ఉంటుంది. నమ్మాల్సింది దాన్నే.

వేగాన్ని కొలిచేది ఉపగ్రహం

బాడీ లోపల అగ్గిపెట్టెంత జీపీఎస్ పెట్టి వేగం కొలుస్తారు. ఉపగ్రహ సంకేతం పౌనఃపున్యంలో వచ్చే మార్పును బట్టి అది వేగం చెబుతుంది. రైలు కూత దగ్గరికి వచ్చేటప్పుడు ఒకలా, దూరమయ్యేటప్పుడు ఒకలా వినబడే డాప్లర్ సూత్రమే ఇది. సెకనుకు ఒక్కసారే కొలిచే పరికరమైతే 160 కి.మీ. వేగంలో రెండు కొలతల మధ్య బండి 44 మీటర్లు పోతుంది, అసలు శిఖరవేగం జారిపోవచ్చు. సెకనుకు పదిసార్లు కొలిచేది కావాలి. నేల మీద ప్రపంచ వేగపు రికార్డుకు కారు గంటలోపు ఎదురెదురు దిశల్లో రెండుసార్లు పరుగెత్తాలి, రెండింటి సగటే లెక్క. 1997 అక్టోబరు 15న ఆండీ గ్రీన్ నడిపిన థ్రస్ట్ ఎస్ఎస్‌సీ గంటకు 1,227.985 కి.మీ. సాధించింది అలాగే. మనమూ అటు ఒకసారి, ఇటు ఒకసారి తీసి సగటు రాసుకుంటే వెనకగాలి సాయం లెక్కలోంచి పోతుంది.

వంద మీటర్ల ఎత్తు నుంచి పడిన బరువు

నాలుగున్నర కిలోల కారు 160 కి.మీ. వేగంలో మోసుకుపోయే శక్తి, అదే బరువును వంద మీటర్ల ఎత్తు నుంచి వదిలితే నేలను తాకేటప్పుడు ఉండే శక్తికి సమానం. తగిలితే మనిషి బతకడం కష్టం. అమెరికా సంస్థ ట్రాక్సాస్ 2011లో తెచ్చిన ఎక్స్‌ఓ-1 కారు గంటకు 160 కి.మీ. దాటుతుంది. దాన్ని 80 దాటించాలంటే ఫోన్ యాప్‌తో తాళం తీయాల్సిందే. అమ్మేవాళ్ళే అంత జాగ్రత్త పడ్డారంటే నడిపే మనం ఎంత పడాలి? రోడ్డు మీద మనుషులు, బళ్ళు, గొడ్లు తిరిగే చోట ఈ పరుగు ఎంతమాత్రం వద్దు.

దారి ఎంత కావాలి?

120 కి.మీ. అందుకోవడానికి సుమారు 110 మీటర్లు, ఆగడానికి 140 మీటర్లు పడతాయనుకోండి. 160కి అయితే అవి దాదాపు 200, 250 అవుతాయి. పైగా మనసు చెప్పింది వేలు అందుకునే పావు సెకనులో బండి 11 మీటర్లు వెళ్ళిపోతుంది. కాబట్టి 160 కోసం అర కి.మీ.కు పైగా నున్నటి, మూసి ఉన్న దారి ఉండాలి. యజమాని అనుమతి రాతపూర్వకంగా తీసుకోవాలి. పరుగుకు ముందు చివరిదాకా నడిచి చూడాలి. వడ్లు ఆరబోసిన చోట మిగిలిన గింజలు, మిరపకాయ తొడిమలు, కంకర పలుకులు చీపురుతో ఊడ్చాలి. గింజ మీద ఎక్కిన చక్రానికి ఆ క్షణం పట్టు ఉండదు.

సంకేతం తెగితే ఏమవుతుంది?

పాత రిమోట్లు 27 మెగాహెర్ట్జ్ దగ్గర క్రిస్టల్‌తో పనిచేసేవి. పక్కవాడి రిమోట్‌లో అదే క్రిస్టల్ ఉంటే మన బండి అతని మాట వినేది. ఇప్పటివి 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర చానళ్ళు మార్చుకుంటూ ముడి వేసుకున్న రిసీవర్‌తోనే మాట్లాడతాయి. తక్కువ శక్తి పరికరాలు ఈ బ్యాండ్‌ను విడిగా లైసెన్సు లేకుండా వాడుకోవడానికి మన దేశంలో 2005లో వీలు కల్పించారు. ఎంత మంచి రిమోటైనా ఎప్పుడో ఒకప్పుడు సంకేతం తెగవచ్చు. అప్పుడు బండి తనంత తానే బ్రేకు వేసుకునే ఏర్పాటే ‘ఫెయిల్‌సేఫ్’. చక్రాలు నేలకు తగలకుండా బండిని ఎత్తి పెట్టి, కొద్దిగా థ్రాటిల్ ఇచ్చి, రిమోట్ ఆపేయండి. చక్రాలు ఆగితేనే ఆ బండిని నేల మీద పెట్టాలి.

నేర్చుకునే చోటు దగ్గర్లోనే

స్ప్లిటరో, రెక్క కాళ్ళో కొత్తగా చేసుకోవాలంటే హైదరాబాద్ రాయదుర్గంలో 78,000 చదరపు అడుగుల టీ-వర్క్స్ ఉంది. 2023 మార్చి 2న ప్రారంభమైన ఈ కేంద్రం వస్తువుల తొలి నమూనాలు తయారుచేసుకోవడానికే పెట్టినది. బడి పిల్లలకు అటల్ టింకరింగ్ ల్యాబులున్నాయి. 6 నుంచి 12 తరగతుల వారి కోసం పెట్టిన ఈ ల్యాబు ఒక్కోదానికి కేంద్రం 20 లక్షల రూపాయల దాకా ఇస్తుంది. ప్రభుత్వ బడుల్లో అయిదేళ్ళలో మరో 50,000 పెడతామని 2025 బడ్జెట్‌లో ప్రకటించారు. మన పిల్లలకు రిమోట్ కారు కొనిచ్చి ‘విప్పకు, పాడవుతుంది’ అనడం మానేద్దాం. గేరు లెక్కతో గణితం, టైరుతో బలాలు, రెక్కతో గాలి, బ్యాటరీతో రసాయనం తెలుస్తాయి. ఇన్ని పాఠాలు ఒకే చోట చేతికి తగిలేలా చెప్పే వస్తువు ఇంకొకటి కనబడదు.

ఒకసారికి ఒక్క మార్పు

మొదలుపెట్టేవాళ్ళు ఒక నోటుపుస్తకం తీసుకోండి. ప్రతి పరుగుకూ పినియన్ పళ్ళు, బ్యాటరీ వోల్టేజీ, గాలి దిశ, మోటారు వేడి, వచ్చిన వేగం రాయండి. పరుగుకూ పరుగుకూ మధ్య ఒక్కటే మార్చండి. రెండు మార్చితే ఏది మేలు చేసిందో, ఏది కీడు చేసిందో తెలియదు. మొదట 40 కి.మీ. దగ్గర బండి తిన్నగా వెళ్ళాలి, తర్వాత 60, ఆపైన 80. ఏ మెట్టు దగ్గరైనా బండి పక్కకు లాగితే అక్కడే ఆగండి. ఇంకా పెద్ద మోటారు ధర వెతకకండి. టైరు అంచు ఊడిందేమో, మర వదులైందేమో, ట్రిమ్ మారిందేమో చూడండి. తిన్నగా పోయే బండికి వేగం ఎప్పుడైనా పెంచుకోవచ్చు. వంకరగా పోయే బండికి వేగం పెంచితే మిగిలేవి ముక్కలే.